దల్సు ఇంటి మీటరు వెనక్కి తిరిగిన కథ

"తగ్గిందా, లేదా? ఒక్క మాట చెప్పు మరిదీ," అని అడిగింది ఉల్జిన్ వదిన.

అడిగింది ఒమ్ దల్సుని. అక్కడే వచ్చింది చిక్కు. దల్సుకి ఒక్క మాట చెప్పడం చేతకాదు. దాహమేసి నీళ్ళు అడగాలన్నా కొండ మీది ఊట దగ్గర మొదలుపెట్టి చెంబు దాకా వస్తాడు.

బామ్‌గోల్ ఊరు మొత్తానికి ఒకటే దుకాణం, దాని ముందు ఒక చెక్క అరుగు. ఆగస్టు మధ్యాహ్నం. చెట్ల మీద కీచురాళ్ళు ఆగకుండా అరుస్తున్నాయి. అరుగు మీద నలుగురు కూర్చున్నారు. మధ్యలో ఉడకబెట్టిన మొక్కజొన్న పొత్తులు, సొట్టలు పడ్డ కెటిల్లో మక్కొల్లి. ఎండకి ఆ బియ్యపు కల్లు తెల్లటి నురగ కట్టింది.

ఉల్జిన్ వదిన అసలు పేరు ఓక్ బున్నే. ఉల్జిన్ అనే సముద్రపు రేవు నుంచి ఈ కొండల్లోకి కోడలిగా వచ్చింది కాబట్టి ఆ ఊరి పేరే ఆమె పేరైపోయింది. భర్త పోయాడు. ఇప్పుడు ఒక్కతే ఉంటోంది. పోయిన చలికాలం బిల్లుకి భయపడి ఒళ్ళు వెచ్చబెట్టే కరెంటు పరుపు వేసుకోకుండా, కోటు తొడుక్కుని పడుకుని, గుండెల్లో నెమ్ము చేరి, చావు దాకా వెళ్ళి తిరిగొచ్చింది. ఇంకో చలికాలం అలాగే గడిపితే తిరిగి రానని ఆమెకి తెలుసు.

ఇళ్ళ మీద సోలార్ పలకలు పెట్టుకునేవాళ్ళకి ఖర్చులో పెద్ద భాగం ప్రభుత్వం ఇస్తుంది, కొంత జిల్లా ఇస్తుంది, మిగిలిన చిన్న వాటా ఇంటివాళ్ళది. కానీ ఒంటరి ఇంటికి ఇవ్వరు. ఊళ్ళో పది ఇళ్ళు కలిసి రావాలి. తొమ్మిది ఇళ్ళవాళ్ళు కాగితం మీద సంతకానికి బదులు తమ పేరు ముద్ర వేశారు. పదో ఇల్లు ఉల్జిన్ వదినది. ఆమె కాదంటే తొమ్మిది ఇళ్ళకీ లేదు. సాయంత్రం జిల్లా నుంచి మనిషి వస్తాడు.

వాటాకి సరిపడా డబ్బు ఆమె దగ్గర ఉంది. కానీ అది చావు బట్టల కోసం దాచుకున్నది. ఇది అధిక మాసం; ఈ నెలలో చావు బట్టలు కుట్టించుకుంటే ఆయుష్షు పెరుగుతుందని అక్కడి నమ్మకం. పేరున్న ఆన్‌దోంగ్ ఊరి నార బట్టతో తన చివరి బట్టలు తానే కుట్టించుకోవాలంటే ఇదే అదను. ఈ నెల దాటితే మళ్ళీ మూడేళ్ళ దాకా ఆగాలి. దాచుకున్న డబ్బు ఒక్క పనికే వస్తుంది. అది చావుకి పెట్టాలా, చలికాలానికి పెట్టాలా?

ఊళ్ళో ఇప్పటికే పలకలున్నది దల్సు ఇంటి మీదే. రెండేళ్ళ కిందట పాత పథకంలో పెట్టించుకున్నాడు. అయితే పోయినేడు మిరపకాయలు కడిగే చోట దల్సు పెళ్ళాం, పలకలుండి కూడా బిల్లు ముందు నెలల కన్నా ఎక్కువొచ్చిందని కళ్ళు తుడుచుకుంది. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. అందుకే ఉల్జిన్ వదిన దుకాణం దాకా దిగివచ్చి అడిగింది.

"తగ్గడమా!" దల్సు పొత్తు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, కాళ్ళు అరుగు మీదకి లాక్కున్నాడు. "వదినా, మా ఇంట్లో జరిగిన దానికి తగ్గడం అనే మాట చాలదు."

"అయిపోయింది," అన్నాడు తేబోక్. ముప్పై ఏళ్ళు ఈ కొండదారిలో బస్సు నడిపి మానేసినవాడు, దల్సు ఈడువాడు. "కాళ్ళు పైకెత్తాడు. ఇక పొద్దుపోయేదాకా దిగడు."

"నువ్వు ఊరుకో తేబోక్. ఇది పదిళ్ళ సంగతి. వదినా, మా ఇంటి మీటరు నువ్వు చూసిందే కదా, వసారా గోడకి, గాజు బుడ్డిలో వెండి చక్రం, అంచుకి ఎర్ర మచ్చ. మా నాన్న పెట్టించిన రోజు నుంచీ అది ఒకే వైపు తిరగడం తప్ప ఇంకో పని ఎరగదు. పలకలు బిగించిన మర్నాడు పొద్దున్నే నేను దాని ముందు పీట వేసుకుని కూర్చున్నాను, మా ఆవిడ పిచ్చి పట్టిందా అంది, నేను కదల్లేదు, ఎండ కొండ మీంచి మెల్లిగా దిగుతోంది, వాగు దాటింది, మా చేను దాటింది, పిల్లిలాగా చప్పుడు లేకుండా మా కప్పెక్కింది. చక్రం నెమ్మదించింది. ఎద్దు వాగులో కాలు పెట్టబోయే ముందు ఒక్క క్షణం ఆలోచిస్తుంది చూడు, అలా ఆగింది. ఆగి, మెల్లిగా, సిగ్గుపడుతున్నట్టు, వెనక్కి తిరిగింది. ఒక్క చుట్టు."

తేబోక్ చేతిలో పొత్తు నోటి దాకా వెళ్ళి ఆగింది.

"అది నిజమే పెద్దమ్మా," అన్నాడు ఊరి పెద్ద నమ్ గిహో. అందరిలోకీ చిన్నవాడు, ముద్రల కాగితం తొడ మీద పెట్టుకుని కూర్చున్నాడు. "పాత చక్రాలు అలాగే తిరుగుతాయి. మనం వాడగా మిగిలిన కరెంటు బయటికి పోతుంది, పోయినంత మన లెక్కలోంచి తీసేస్తారు."

"అక్కడితో ఆపెయ్ రా దల్సూ," అన్నాడు తేబోక్. "బాగుంది. చాలు."

ఆపి ఉంటే చాలేది. కానీ తన దగ్గరున్న నిజం చిన్నదని సిగ్గుపడేవాడు దాన్ని అక్కడ ఉండనివ్వడు.

"మరి బిల్లు?" అంది ఉల్జిన్ వదిన.

"అక్కడికే వస్తున్నా. ఆ మర్నాడు ఏమైందనుకున్నావు? చక్రం మీద ఎర్ర మచ్చ కనపడటం మానేసింది, అంత జోరు, ఆ పైన అది కీచురాయిలా పాడటం మొదలెట్టింది, మా కుక్క దాని కింద చేరి చెవులు రిక్కించి వింటూ కూర్చునేది, అన్నం పెట్టినా కదిలేది కాదు. అంతలో కరెంటు ఆఫీసు మనిషి మోటారు సైకిలు మీద రొప్పుతూ వచ్చాడు. 'అయ్యా, దల్సు గారిల్లు ఇదేనా? తమరి కప్పు మీంచి వచ్చే కరెంటు తాళలేక సంత ఊళ్ళో వీధి దీపాలు పట్టపగలు వెలుగుతున్నాయి. మంగలి కొట్లో మిషను తనంతట తనే లేచి, కుర్చీలో కునుకుతున్న మంగలికే గుండు గీసింది' అన్నాడు."

"ఏ మంగలికి?" తేబోక్ తల ఎత్తాడు. "మన సంత మంగలికా? వాడికి మొదటి నుంచీ బట్టతలేగా."

"మరి ఆ బట్టతల ఎలా వచ్చిందనుకున్నావు?"

గిహో నవ్వు ఆపుకోలేక మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఉల్జిన్ వదిన నవ్వలేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని దల్సు నోటి వైపే చూస్తోంది. అతను చెప్పే దాంట్లో ఎక్కడో తనకి కావలసిన ఒక్క మాట ఉండి ఉంటుందన్నట్టు ఓపిగ్గా వింటోంది.

"ఇక ప్రభుత్వం ఇచ్చే ప్రోత్సాహకం సంగతి విను వదినా, నీకు కావలసింది అదే కదా. ముందు సబ్సిడీ ఇచ్చారు. అందరికీ ఇచ్చేదే. తర్వాత ఇంకేమివ్వాలో వాళ్ళకి తోచలేదు. మెప్పు పత్రం పంపారు, గోడకి కొట్టాను. బియ్యం బస్తాలు పంపారు, వంటింట్లో చోటు లేక కోళ్ళ గూట్లో పెట్టాను. ఆఖరికి పెద్దాయనే వచ్చాడు, ఏ పెద్దాయనని అడక్కండి, నల్ల కారు, తెల్ల చేతి తొడుగులు, మా వసారాలో బూట్లు విప్పి, సాక్స్ కి చిల్లు ఉంటే కాలు కింద కాలు దాచుకుని కూర్చున్నాడు. కూర్చుని ఏమన్నాడంటే, 'దల్సు గారూ, సాయంత్రం నాలుగయ్యేసరికి ఇల్వోల్ కొండ నీడ మీ కప్పు మీద పడుతోంది. దేశానికి ఎంత నష్టం! మీరు ఊ అనండి, ప్రోత్సాహకం కింద కొండని పడమటికి జరిపిస్తాం.'"

"పథకంలో అలాంటిదేం లేదన్నా," అన్నాడు గిహో.

"నీకిచ్చిన కాగితంలో ఎందుకుంటుంది తమ్ముడూ? అది పెద్దవాళ్ళ కాగితం."

"మరి జరిపారా?" అన్నాడు తేబోక్.

"జరపబోయారు. నేనే చెయ్యి అడ్డం పెట్టాను. 'అయ్యా, ఆ కొండ మీద మా తాతముత్తాతల సమాధులున్నాయి. రేపు చుసోక్ పండక్కి ముందు సమాధుల మీద గడ్డి కోయడానికి కత్తి పట్టుకుని పోతే, మా తాత ఎక్కడున్నాడో తెలియక పక్కూరి వాళ్ళ తాతకి గడ్డి కోసి రావలసి వస్తుంది. వద్దు' అన్నాను. అప్పటికే బెత్తెడు జరిగిపోయింది. కావాలంటే చూడండి, ఆ భుజం కొంచెం పడమటికి ఒరిగి లేదూ?"

నలుగురూ తిరిగి కొండ వైపు చూశారు. ఎండలో కొండ అంచు ఆవిరిలాగా కదులుతోంది. అంతసేపు చూస్తే ఏ కొండైనా ఒరిగినట్టే ఉంటుంది. కీచురాళ్ళు ఒక్కసారిగా ఆగి మళ్ళీ అందుకున్నాయి.

"ఆ బెత్తెడు సందులోంచే వచ్చింది అసలు వింత," దల్సు గొంతు తగ్గించాడు. "అంతకుముందు కొండ చాటున ఉండిపోయే వెన్నెల మా కప్పు మీద పడటం మొదలైంది. పలకలు దాన్నీ తాగేశాయి. ఎండ కరెంటు పసుపు, వేడి, అది మీకు తెలిసిందే. వెన్నెల కరెంటు వేరు. తెల్లగా, చల్లగా, మజ్జిగ తేటలా ఉంటుంది. దాంతో ఫ్యాను వేస్తే గదిలో సొరపూల వాసన వస్తుంది. దాంతో బల్బు వెలిగిస్తే మనిషికి నీడ పడదు. మా ఆవిడ ఆ వెలుగులో కూర్చుని ముల్లంగి తరుగుతుంటే కత్తి చప్పుడు కూడా వినపడలేదు, ముక్కలు వాటంతటవే విడిపోయి గిన్నెలోకి ఒరిగాయి. ఇద్దరం మాట్లాడుకోలేదు. పెళ్ళయ్యాక మేం పోట్లాడుకోకుండా గడిపిన పొద్దు అదొక్కటే."

"అది మాత్రం నమ్మను," అన్నాడు తేబోక్.

"కొండ జరిగిందంటే నమ్మావు కదరా!"

"కొండని జరపొచ్చు. మీ ఆవిడ ఊరుకోవడమే..."

"మరిదీ," అంది ఉల్జిన్ వదిన. "బిల్లు."

"వస్తున్నా వదినా, గుమ్మం దాకా వచ్చేశాను. ఎండ ఒక పక్క, వెన్నెల ఒక పక్క లాగుతుంటే చక్రం ఇంక ఆగుతుందా? వెనక్కి, వెనక్కి, ఆ నెల లెక్క అయిపోయింది, ఆ ఏడాది లెక్క అయిపోయింది, నేను పుట్టి బుద్ధెరిగాక వాడిన కరెంటంతా అయిపోయింది. ఇంక తీసెయ్యడానికి లెక్క లేదు. చక్రం మాత్రం ఆగలేదు. అప్పుడు అది దేన్ని వెనక్కి తిప్పడం మొదలెట్టిందో తెలుసా?"

ఎవరూ అడగలేదు. అతను ఆగలేదు.

"రోజుల్ని! పొయ్యి మీద కెటిల్లో మరుగుతున్న నీళ్ళు మెల్లిగా నిమ్మళించాయి, చల్లబడ్డాయి, వాటి మీద సన్నటి మంచు పొర కట్టింది. గిన్నెలో ఉడికిన పొత్తులు పచ్చివైపోయి, తొక్కలు వచ్చి వాటిని కప్పుకుని, తలకి పీచు ముడేసుకుని పడుకున్నాయి. పుంజు కూత గొంతులోకి మింగేసి, పిల్లై, గుడ్డులోకి దూరి లోపల్నుంచి పెంకు అతుక్కుంది. పెరట్లో పెర్సిమన్ పండ్ల చెట్టు కింద రాలిన పూలు నేల మీంచి ఒక్కొక్కటే లేచి కొమ్మల్ని వెతుక్కుంటూ పోయాయి. ఏ పువ్వూ తన కొమ్మ మర్చిపోలేదు వదినా. నేను బయటికొచ్చి చూశాను. వాగు కొండ మీదకి పారుతోంది. చప్పుడు మాత్రం అదే. దారి మీద తారు పోయింది, మట్టి దారి వచ్చింది, ఆ మట్టిలో తేబోక్ బస్సు వెనక్కి నడుస్తూ వస్తోంది, దాని సొట్టలన్నీ ఒక్కొక్కటే పూడుకుంటున్నాయి, కిటికీలోంచి తేబోక్ తల బయట పెట్టాడు, ఒత్తైన నల్ల జుట్టు, నూనె రాసి పాపిట తీశాడు!"

"ఆ జుట్టు నిజంగానే బాగుండేది," అన్నాడు తేబోక్. వద్దనుకుంటూనే చెయ్యి తల మీదకి పోయింది.

"బాగుండటమేంటి, బస్సులో అమ్మాయిలు నీ వెనక సీటు కోసం కొట్టుకునేవాళ్ళు. నేను నా చేతులు చూసుకున్నాను. ముడతల్లేవు. అద్దంలో చూసుకుంటే ఎవరో కుర్రాడు. గుమ్మంలో మా ఆవిడ, ఎర్ర పావడా, పచ్చ రవిక, బుగ్గల మీద ఎర్ర చుక్కలు, పెళ్ళినాటి మొహం, నన్ను చూసి తల వంచుకుంది. అంత మంచిది అప్పుడు! పొలాల మీద ఒక రకమైన వెలుగు, పొద్దు పొడుస్తోందో గుంకుతోందో తెలియదు, ఊరి పొయ్యిల్లోంచి పొగ లేచి మళ్ళీ గొట్టాల్లోకి దిగిపోతోంది. ఇక వాగు అవతలి గట్టున..."

దల్సు ఉల్జిన్ వదిన మొహం చూశాడు. చూసి ఆగి ఉండవలసింది.

"వాగు అవతలి గట్టున మా అన్న వస్తున్నాడు వదినా. నీ పెనిమిటి. వీపున కట్టెల మోపు వేసుకుని, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, ఈల వేసుకుంటూ నీళ్ళలోకి దిగాడు."

గిహో తొడ మీది కాగితం వైపు చూస్తూ ఉండిపోయాడు.

"దల్సూ," అన్నాడు తేబోక్ మెల్లిగా. "చాల్లే."

"చెప్పనీ," అంది ఉల్జిన్ వదిన. ఆమె చేతులు ఒళ్ళో కదల్లేదు. "ఏమన్నాడు?"

"ఏమన్నాడంటే..." దల్సు ఒక్క క్షణం తడబడ్డాడు. నాలుక మాత్రం తడబడలేదు. అలవాటైన నాలుక మనిషి కన్నా ముందు పోతుంది. "'దల్సూ, చలికాలంలో బున్నే కోటు తొడుక్కుని పడుకుంటోందట. ఆ నార బట్ట సంగతి తర్వాత. ముద్ర వెయ్యమని చెప్పు' అన్నాడు."

తేబోక్ గ్లాసు కింద పెట్టేశాడు. చనిపోయినవాళ్ళ నోట మాటలు పెట్టడం ఏ ఊళ్ళోనూ మర్యాద కాదు. నవ్వులాటకైనా కాదు, మంచి పనికైనా కాదు.

ఉల్జిన్ వదిన మాత్రం అడిగింది: "మరి నువ్వు అక్కడే ఉండిపోలేదే. ఎలా తిరిగొచ్చావు?"

తనని బయటికి లాగే తాడు దొరికినట్టు దల్సు దాన్ని గట్టిగా పట్టుకున్నాడు. "అదీ అడగవలసిన మాట! ఇంకాస్త వెనక్కి పోతే ఊరికి కరెంటు రాని రోజులొస్తాయి, మీటరే ఉండదు, మీటరు లేకపోతే చక్రం ఎలా ఆపాలి? అప్పటికే గోడ మీద మీటరు పల్చబడిపోతోంది, వెనక ఉన్న మట్టి గోడ కనపడుతోంది. నేను నిచ్చెన వేసి కప్పెక్కాను. ఎలాగైనా పలకల్ని ఎండకి కనపడకుండా చెయ్యాలి. మా అమ్మ కుట్టిన పెద్ద బొంత ఉంది, ఆరుగురం పిల్లలం దాని కింద పడుకునేవాళ్ళం, దాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా పలకల మీద పరిచాను. పరిచానో లేదో చక్రం ఆగింది. లోకం ఆగింది. మెల్లిగా మళ్ళీ ముందుకి తిరిగింది. నేను పరిచి ఉండకపోతే ఇవాళ మీరెవరూ పుట్టి ఉండేవాళ్ళు కాదు!"

అతను కెటిల్ కోసం చెయ్యి చాపాడు. ఉల్జిన్ వదిన కెటిల్ని పక్కకి జరిపింది.

"ఆ బొంత ఏ రంగు మరిదీ?"

"రంగా? ఏ రంగని చెప్పను... పాతది కదా..."

"ఎరుపా?"

దల్సు చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"దానికి తొడిమలున్నాయా?"

తేబోక్ ఒకసారి ఆమె వైపు, ఒకసారి దల్సు వైపు చూశాడు. గిహోకి అర్థం కాలేదు.

"నా చేను వాగు అవతలి వాలు మీద ఉంది," అంది ఆమె. గొంతు పెంచలేదు. "నీ కప్పు దక్షిణం పక్క ఈ దారి మీంచి ఎవరికీ కనపడదు. అక్కడి నుంచి నాకు కనపడుతుంది. పోయినేడు మొదటి కోత నుంచి చివరి కోత దాకా చూశాను. ఈ ఏడు మళ్ళీ మొదలెట్టావు. పొద్దున్నే నిచ్చెనేసి గంపలెత్తి, పలకల మీద సందు లేకుండా మిరపకాయలు పరుస్తావు. పొద్దు గుంకాక ఎత్తుతావు. ఎండ వచ్చి ఎక్కడ పడాలి మరిదీ? మీ అమ్మ బొంత మీదా?"

"మిరపకాయలా!" గిహో లేచి నిలబడ్డాడు. "అన్నా! సోలార్ పలకల మీద మిరపకాయలు ఎండబెడుతున్నావా? ఊళ్ళో అందరూ పలకలొస్తే బిల్లు పెరుగుతుందేమోనని హడలిపోతున్నారు, నేను ఇల్లిల్లూ తిరిగి కాళ్ళు అరగదీసుకున్నాను, అసలు సంగతి ఇదా!"

తేబోక్ నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి అరుగు మీద పక్కకి ఒరిగిపోయాడు.

"నవ్వండి," అన్నాడు దల్సు. చెవులు ఎర్రబడ్డాయి. "మీకేం తెలుసు? నున్నటి నల్ల గాజు, పెనంలా కాలుతుంది, కింద నుంచి వేడి, పైనుంచి ఎండ. రోడ్డు మీద వారం పట్టేది అక్కడ రెండు రోజులే. కాయ చెడదు, మచ్చ పడదు. వర్తకుడు ఒకటి తీసి చెవి దగ్గర ఊపి చూసి, లోపల గింజలు గలగలమంటే, 'ఇదండీ అసలైన ఎండ మిరప' అన్నాడు. ఈ లోయలో ఇంకెవరి కాయనైనా అలా అన్నాడా?"

అతను ఆ మధ్యాహ్నం కొలత మీరకుండా చెప్పిన గొప్ప అదొక్కటే.

ఉల్జిన్ వదిన తల ఊపింది. "మంచి కాయే. కాదనను. సరే, మా ఆయన సంగతి ఒకటి చెప్తాను, గుర్తుపెట్టుకో. ఆయనకి ఈల రాదు. ముందు పళ్ళు రెండు కుర్రతనంలోనే పోయాయి, ఈల వెయ్యబోతే గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు, నేను నవ్వుతానని మానేశాడు. ఇంకోసారి ఆయన్ని వాగు దాటించకు."

"తప్పయింది వదినా," అన్నాడు దల్సు. మొదటిసారి కాళ్ళు అరుగు కిందకి దించాడు.

"ఇప్పుడు చెప్పు. మిరపకాయలు లేని నెలల్లో. చలికాలంలో, ఎండ కాసే రోజుల్లో. బిల్లు తగ్గిందా, లేదా?"

దల్సు నోరు తెరిచాడు. కొండ వైపు చూశాడు. అతని మొహంలో ఏదో మొదలవబోయింది. ఆమె చూపుడు వేలు ఎత్తింది. ఒక్కటే వేలు.

"తగ్గింది," అన్నాడు దల్సు.

ఆమె అరుగు దిగి చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. "నీ నోటి మాట మీద నా ఇంటికి కప్పు వేసుకోను. పద, చూద్దాం."

నలుగురూ దల్సు ఇంటికి నడిచారు. దల్సు పెళ్ళాం పెరట్లోంచి తొంగి చూసి, ఇంతమంది ఎందుకొచ్చారో తెలియక, చేతిలో ముల్లంగి పట్టుకునే నిలబడిపోయింది. దల్సు నిచ్చెనెక్కాడు. కొంతసేపు పైనుంచి గరగరమని చప్పుడు, కొన్ని కాయలు చూరు మీంచి జారి వసారా ముందు పడ్డాయి. గిహో వాటిని ఏరాడు. ఉల్జిన్ వదిన మాత్రం మీటరు ముందు నిలబడి ఉంది. గాజు బుడ్డిలో వెండి చక్రం తన దారిన తను ముందుకి తిరుగుతోంది.

ఎర్ర మచ్చ వెళ్ళింది, వచ్చింది. ఇంకోసారి వచ్చింది, కొంచెం ఆలస్యంగా. పైన చప్పుడు కప్పు ఈ చివర నుంచి ఆ చివరకి పోతోంది. చక్రం బరువెక్కినట్టు నెమ్మదించింది. ఆగింది. చాలాసేపు ఆగినట్టే అనిపించింది. ఆ తర్వాత అది మెల్లిగా, ఎవరూ తొయ్యకుండానే, వెనక్కి తిరిగింది.

ఆమె అలా చూస్తూనే ఉంది. వాగు కిందికే పారుతోంది. కప్పు మీంచి దిగిన మిరప ఘాటుకి తేబోక్ తుమ్మాడు. పడమటికి వాలిన ఎండ వసారా గోడ మీద పసుపుగా పడి, గాజు బుడ్డిలోంచి చిన్న వెలుగు మరక ఒకటి తీసుకొచ్చి ఆమె చెంప మీద పెట్టింది. చక్రం తిరిగినప్పుడల్లా ఆ మరక వణికింది.

ఆమె నడుముకి కట్టుకున్న సంచీలోంచి ముద్ర తీసింది. చెక్క ముద్ర, అరిగిపోయింది. దానికంటిన ఎర్ర సిరా మెత్తబడేలా నోటితో "హా" అని ఆవిరి ఊది, గిహో పట్టుకున్న కాగితం మీద నొక్కింది. ఎత్తి చూసుకుని, సరిగ్గా పడిందని సంచీలో పెట్టేసుకుంది.

"నార బట్ట సంగతో పెద్దమ్మా?" అన్నాడు గిహో. "అధిక మాసం ఈ వారంతో సరి."

"మూడేళ్ళకి మళ్ళీ వస్తుందిగా. అంతదాకా నాకు చావడానికి తీరిక లేదని చెప్పు."

అప్పటికి దల్సు గంప చంకన పెట్టుకుని నిచ్చెన దిగుతున్నాడు. కాగితం మీద ఎర్రటి ముద్ర చూశాడు. ఆఖరి మెట్టు మీద ఆగి, ఛాతీ విరిచాడు.

"చూశారా! నా మాట ఊరికే పోతుందా? నేను చెప్పబట్టే కదా వదిన ముద్ర వేసింది!"

"నీ మాట విన్నాక నార బట్టే కొనుక్కుందామని లేచాను మరిదీ," అంది ఉల్జిన్ వదిన. "కప్పు దిగిన నీ మిరపకాయలే నన్ను ఆపాయి."